అమ్మ నడుము ఎంఆర్ఐ రిపోర్ట్ వచ్చింది, ఆపరేషన్ అంటున్నారు, తెలిసినవాళ్లు ఎవరైనా చూసి చెప్పండి

టమాటా_మండీ
శనివారం, రాత్రి 11:18

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరు, మారతహళ్లిలో ఉంటా. అమ్మకు 58. ఆరు నెలలుగా నడుము నొప్పి, కాల్లోకి కూడా దిగుతోంది, రాత్రంతా పక్క మీద దొర్లుతూనే ఉంటుంది. ఊళ్లో సూదులు, మాత్రలు, ఎవరో చెప్పిన నూనె అన్నీ అయ్యాక ఇక్కడికి తీసుకొచ్చా. ఒక పెద్ద ఆస్పత్రిలో చూపిస్తే నాలుగు నిమిషాలు మాట్లాడి ఎంఆర్ఐ రాశారు, నిన్న బయట తీయించాం, 6,800 అయింది. ఈ రోజు రిపోర్ట్ తీసుకెళ్తే డాక్టరుగారు అమ్మను కుర్చీలోంచి లేపను కూడా లేపకుండా ఫిల్ము లైటుకు పెట్టి చూసి, డిస్క్ బయటికొచ్చింది, నరం మీద పడుతోంది, ఆపరేషన్ చేయించుకుంటే మంచిది, ప్యాకేజీ వివరాలు కింద కౌంటర్లో చెప్తారు అన్నారు. అమ్మ అప్పటినుంచి అన్నం ముట్టలేదు.

రిపోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు కొడుతున్నా: "ఎల్4-ఎల్5: డిఫ్యూజ్ డిస్క్ బల్జ్ విత్ రైట్ పారాసెంట్రల్ ప్రొట్రూజన్, ఇండెంటింగ్ ద థీకల్ శాక్ అండ్ అబటింగ్ ద ట్రావర్సింగ్ నర్వ్ రూట్. ఎల్5-ఎస్1: డిస్క్ డెసికేషన్. ఎల్2 వెర్టిబ్రా: హీమాంజియోమా. లాస్ ఆఫ్ లంబార్ లార్డోసిస్. అడ్వైజ్డ్ క్లినికల్ కోరిలేషన్."

ఈ హీమాంజియోమా అంటే ఏంటండీ, క్యాన్సరా? "ఓమా" అని ఉన్నవన్నీ గడ్డలే అని గూగుల్ చెబుతోంది. నిద్ర పట్టట్లేదు.

వెనకబెంచీ
శనివారం, రాత్రి 11:31

బ్రో ముందు గూగుల్ మూసెయ్. నాకు జలుబు చేసి చూసుకుంటే కూడా క్యాన్సరే చూపించింది.

స్కానింగ్_అన్న
శనివారం, రాత్రి 11:52

తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు, ఎంఆర్ఐ టెక్నీషియన్ని, జయనగర్ వైపు ఒక సెంటర్లో పదకొండేళ్లుగా ఇదే పని. రోగం చెప్పే అర్హత నాకు లేదు గానీ ఈ మాటలు రోజుకు పాతిక సార్లు చూస్తా కాబట్టి అర్థం చెప్తా.

హీమాంజియోమా అంటే ఎముకలో రక్తనాళాల చిన్న ముడి. వెన్నుపూసల్లో ఇది చాలా మామూలు, ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఉంటుంది, నూటికి తొంభైతొమ్మిది పాళ్లు మనిషి దాంతోనే పుట్టినట్టు దాంతోనే హాయిగా బతికేస్తాడు. క్యాన్సర్ కాదు. కనబడింది కాబట్టి రాశారు, అంతే. దాని గురించి అమ్మకు ఇంకా చెప్పకపోతే చెప్పక్కర్లేదు, చెప్పి ఉంటే కంగారేం లేదని చెప్పెయ్.

డెసికేషన్ అంటే డిస్క్‌లో, అంటే రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలో, నీరు తగ్గడం. తాటిముంజ తెలుసుగా, లేతదైతే వేలు పెడితే నీళ్లు చిమ్ముతాయి, ముదిరితే రబ్బరులా గట్టిపడుతుంది. డిస్క్ కూడా అంతే. టీ2 అనే రకం ఫొటోల్లో నీరు తెల్లగా కనిపిస్తుంది, కుర్రవాళ్ల డిస్క్ తెల్లగా, మన వయసొచ్చేసరికి నల్లగా. ఫిల్ము చూసి "ఇది నల్లబడిపోయింది" అని భయపెట్టేది దీన్నే.

లార్డోసిస్ తగ్గింది అంటే నడుము దగ్గర ఉండాల్సిన వంపు తిన్నగా కనిపించింది అని. మేము పేషంటును పడుకోబెట్టి మోకాళ్ల కింద దిండు పెడతాం కదా, అలా పెడితేనే వంపు కొంత తగ్గుతుంది. నొప్పికి కండరాలు బిగుసుకున్నా తగ్గుతుంది.

ఇక అసలు లైను ఎల్4-ఎల్5, అంటే నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య డిస్క్. బల్జ్ అంటే డిస్క్ చుట్టూ కొంచెం ఉబ్బడం, గాలి తగ్గిన టైరు నేల దగ్గర ఉబ్బినట్టు. ప్రొట్రూజన్ అంటే ఒకచోట ఎక్కువగా ముందుకు రావడం. దాని తర్వాత ఎక్స్‌ట్రూజన్, ఆ తర్వాత ముక్క తెగి విడిగా పడితే సీక్వెస్ట్రేషన్. మీ అమ్మది రెండో మెట్టు. థీకల్ శాక్ అంటే నరాల కట్ట ఉండే సంచి. ఇంకో మాట గమనించు, "అబటింగ్" అన్నారు, అంటే నరానికి ఆనుకుంది అని. "కంప్రెసింగ్" అనలేదు. బస్సులో పక్కవాడు భుజానికి తగలడానికీ మీద పడి కూర్చోవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

ఇదంతా సరే, నువ్వు రాయని ముక్క ఒకటుంది. అమ్మకు నొప్పి ఏ కాలు?

టమాటా_మండీ
శనివారం, రాత్రి 11:58

ఎడమ కాలు అన్నా.

స్కానింగ్_అన్న
ఆదివారం, రాత్రి 12:03

రిపోర్ట్ మళ్లీ చదువు. రైట్ పారాసెంట్రల్, అంటే మధ్యకు కొంచెం కుడిపక్కన.

టమాటా_మండీ
ఆదివారం, రాత్రి 12:05

అయ్యో.

ఇది నేనూ చూడలేదు, ఆ డాక్టరూ అడగలేదు. అడగలేదా లేక అమ్మ చెప్పిందా... లేదు, అడగలేదు. "కాలు లాగుతోందా" అన్నారు, ఏ కాలు అనలేదు.

కోరమంగళ_కోడలు
ఆదివారం, రాత్రి 12:20

చదువుతుంటేనే ఒళ్లు మండుతోంది. మా మామగారికి చెన్నైలో సరిగ్గా ఇలాగే జరిగింది, వివరాలు రేపు రాస్తా, పిల్ల లేచింది.

పీజీ_నైట్‌డ్యూటీ
ఆదివారం, తెల్లవారుజామున 3:14

రేడియాలజీ పీజీ చేస్తున్నాను, క్యాజువాలిటీ ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నా. మీ అమ్మగారిని చూడకుండా, ఫిల్ము చూడకుండా ఇది ఫలానా అని నేను చెప్పను. కానీ రిపోర్ట్ రాసేవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాలి, ఎందుకంటే తిట్లన్నీ చివరికి మాకే తగులుతాయి.

మేము పేషంటును చూడం. మా చేతికొచ్చేది ఓ చీటీ, దాని మీద చాలాసార్లు "నడుము నొప్పి" అని రెండు మాటలు. ఏ కాలు, ఎన్నాళ్లు, తిమ్మిరి ఉందా, ముందు ఆపరేషన్ ఏమైనా అయిందా, ఏదీ ఉండదు. అందుకని కనిపించిన ప్రతిదీ రాస్తాం. రాయకపోతే రేపు అడుగుతారు. చివర క్లినికల్ కోరిలేషన్ అంటే మా చేతులు దులుపుకోవడం కాదు (కొంచెం అదీ నిజమే అనుకోండి), "ఫొటోలో ఇది ఉంది, మనిషిలో ఉన్న బాధ దీనిదేనా కాదా అన్నది మనిషిని పరీక్ష చేసి తేల్చండి" అని డాక్టరుకు చెప్పడం. ఆ పరీక్ష జరక్కపోతే రిపోర్ట్ సగం కాయితమే.

ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ పక్కకు వస్తే సాధారణంగా తగిలేది కిందికి దిగే ఎల్5 నరం. ఆ నరం దెబ్బతింటే అదే వైపు కాలి బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది, పాదం పైభాగంలో తిమ్మిరి. మడమల మీద నడవమంటే తడబడతారు. దాని కిందది, ఎస్1 అయితే మునివేళ్ల మీద లేవలేరు. కుడివైపు డిస్క్ ఎడమ కాలికి నొప్పి తేవడం చాలా అరుదు.

రెండు అవకాశాలు. ఒకటి, టైపింగ్‌లో కుడి ఎడమ తారుమారు కావడం, ఇది జరుగుతుంది, సిగ్గుపడి చెబుతున్నా. సెంటర్‌కి వెళ్లి, మళ్లీ ఒకసారి ఫొటోలు చూసి చెప్పండి అని అడగండి. సీడీ తప్పకుండా తీసుకోండి, ఫిల్ము మీద ఉండేది కొన్ని ఫొటోలే, సీడీలో వందలుంటాయి. రెండోది, రిపోర్ట్ కరెక్టే, నొప్పి వేరే చోటినుంచి వస్తోంది.

ఈలోగా ఒకే ఒక్క ప్రశ్న, దీనికి జవాబు వెంటనే ఇవ్వండి. మూత్రం ఆగిపోవడం గానీ తెలియకుండా పోవడం గానీ, మలద్వారం చుట్టూ, సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ తెలియకపోవడం, కాలు చచ్చుపడటం, జ్వరం, బాగా బరువు తగ్గడం, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చి ఉండటం, వీటిలో ఏదైనా ఉందా? ఉంటే ఈ చర్చ వదిలేసి ఇప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి.

టమాటా_మండీ
ఆదివారం, ఉదయం 6:40

మేడమ్ చాలా చాలా థాంక్స్. అమ్మను లేపి అడిగా (తిట్టింది). అవేవీ లేవు. బొటనవేళ్లు రెండూ నేను చేత్తో నొక్కిపట్టినా ఎత్తుతోంది. మడమల మీద వంటింటి దాకా నడిచింది, "ఇదేం ఆటరా పొద్దున్నే" అంటూ.

ఇంకోటి చెప్పింది. ఎడమవైపు తిరిగి పడుకోలేకపోతోందట, ఆ పక్కకు తిరిగితే తుంటి దగ్గర సూదులు గుచ్చినట్టు ఉంటుందట. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే అంటే "నడుము నొప్పే కదా అందరూ అంటోంది" అంది.

మెజెస్టిక్_మామ
ఆదివారం, ఉదయం 8:05

ఎంఆర్ఐ అనేదే పెద్ద వ్యాపారం. మా రోజుల్లో నడుము నొప్పికి చెక్క మంచం మీద పడుకోబెట్టి ఉప్పు కాపడం పెట్టేవాళ్లు. రేడియేషన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

స్కానింగ్_అన్న
ఆదివారం, ఉదయం 9:12

మామా, వ్యాపారం సంగతి మీరన్నది సగం ఒప్పుకుంటా గానీ ఎంఆర్ఐలో ఎక్స్‌రేలు ఉండవు. అవి ఉండేది సీటీ స్కాన్‌లో. ఇక్కడ ఉండేది పెద్ద అయస్కాంతం, రేడియో తరంగాలు. మన ఒంట్లో నీరు, కొవ్వు ఎక్కువ కదా, వాటిలోని హైడ్రోజన్‌ను అయస్కాంతం ఒక వరసలో పెడుతుంది, రేడియో తరంగం ఆ వరసను చెదరగొడుతుంది, మళ్లీ సర్దుకునేటప్పుడు అవి ఇచ్చే సంకేతాన్ని పట్టుకుని కంప్యూటరు ఫొటో కడుతుంది. మా మెషీన్ 1.5 టెస్లా, అంటే భూమికి ఉన్న అయస్కాంత బలానికి సుమారు ముప్పై వేల రెట్లు. దాన్ని ద్రవ హీలియంలో సున్నాకు 269 డిగ్రీలు కింద చల్లబరిచి ఉంచుతారు, అందుకే కరెంటు పోయినా అయస్కాంతం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. రాత్రి సెంటరు మూసినా అంతే.

ప్రమాదం అక్కడుంది, రేడియేషన్‌లో కాదు. 2018లో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని గదిలోకి వెళ్లిన మనిషిని మెషీన్ లాగేసి ప్రాణం పోయింది, పేపర్లలో అందరూ చూశారు. పేస్‌మేకరు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు, మెదడులో పాత క్లిప్పులు, కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడి ఉండటం (వెల్డింగు, లేతు పని చేసేవాళ్లు), ఇవి ముందే చెప్పాలి. మోకాలు మార్పిడి, టైటానియం రాడ్లు, గుండె స్టెంట్లు ఉన్నవాళ్లకు చాలావరకు తీయొచ్చు, కానీ చెప్పాలి, కార్డు ఉంటే తేవాలి.

కోరమంగళ_కోడలు
ఆదివారం, ఉదయం 10:30

అన్నా, మెట్టెలు తీయాలా వద్దా? మా అత్తగారు మెట్టెలు, పుస్తెలు తీయనని గొడవపడి స్కాన్ చేయించుకోకుండానే వచ్చేశారు ఒకసారి.

టమాటా_మండీ
ఆదివారం, ఉదయం 10:41

మా అమ్మ కథ వినండి. ముప్పైనాలుగేళ్లుగా తీయని మెట్టెలు. వేళ్లు ఉబ్బి రావట్లేదు. అక్కడి ఆయా సబ్బు నురగ రాసి, దారం చుట్టి, పావుగంట తిప్పితే వచ్చాయి. కింద తెల్లగా, మెత్తగా, పసిపిల్ల చర్మంలా ఉంది ఆ వేలు, నేను చూసి ఏదోలా అయిపోయా. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, నొప్పికి కాదు. పసుపు కొమ్ము దారానికి కట్టి మెడలో వేశాకే లోపలికి వెళ్లింది.

లోపల మెషీన్ మోగుతుంటే స్పీకర్లో టెక్నీషియన్ "అల్లాడబేడి అమ్మా, అల్లాడబేడి" అన్నాడట. కన్నడంలో కదలొద్దు అని. బయటికొచ్చి ఒకటే గొడవ, "నేనెక్కడ అల్లాడుతున్నానురా, గమ్మున పడుకుంటే అల్లాడొద్దంటాడేంది వాడు" అని. చప్పుడు ఎలా ఉందే అంటే మొదట రోట్లో పచ్చడి నూరినట్టు, తర్వాత బోరు మోటారు పట్టేసినట్టు ఉందట.

స్కానింగ్_అన్న
ఆదివారం, మధ్యాహ్నం 12:15

😄 "అల్లాడబేడి" నేనూ రోజూ అంటా, మన తెలుగు పెద్దావిడలకు మాత్రం తెలుగులో చెప్తా. ఆ చప్పుడు గ్రేడియంట్ కాయిల్స్ అనే మెషీన్ లోపలి తీగచుట్టలది, కరెంటు గబగబా మారుతుంటే అవి అదిరిపోతాయి. చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు గానీ హెడ్‌ఫోన్ గానీ అడిగి పెట్టించుకోవాలి. చేతికి ఒక రబ్బరు బుడగ ఇస్తాం, భయమేస్తే నొక్కితే ఆపేస్తాం, సిగ్గుపడొద్దు.

కోడలుగారూ, బంగారం వెండి అయస్కాంతానికి లాగవు. కానీ వేడెక్కొచ్చు, ఆ చుట్టుపక్కల ఫొటో చెదిరిపోతుంది, పైగా పైకి వెండిలా ఉన్న దాంట్లో ఏం కలిసిందో మాకు తెలీదు. అందుకే తీయమంటాం. అసలు దొంగలు పిన్నీసులు. మన ఆడవాళ్లు పుస్తెలతాడుకు, గాజులకు పిన్నీసులు గుచ్చి ఉంచుతారు చూడు, అవి స్టీలు. "ఏమీ లేవు బాబూ" అంటారు, లోపలికి వెళ్తుంటే మెడలో తాడు అమాంతం పైకి లేస్తుంది. నేనైతే ముందే లెక్కపెట్టి గిన్నెలో వేయించుకుంటా. మగవాళ్లలో మొలతాడుకు కట్టిన తాయెత్తు, జేబులో బైకు తాళం.

కోడిగుడ్డు_దోశ
ఆదివారం, మధ్యాహ్నం 2:22

దారి మళ్లిస్తున్నందుకు సారీ. నాకు 33, బీటీఎంలో ఉంటా, రాత్రి షిఫ్టు. తలనొప్పికి మెదడు ఎంఆర్ఐ తీస్తే "ఫ్యూ నాన్‌స్పెసిఫిక్ టీ2 ఫ్లెయిర్ హైపర్‌ఇంటెన్సిటీస్" అని వచ్చింది. మా బావ ఇది మల్టిపుల్ స్క్లీరోసిస్ (ఎంఎస్) అనే మెదడు, నరాల జబ్బు అంటున్నాడు. బావ సివిల్ ఇంజినీరు.

పీజీ_నైట్‌డ్యూటీ
ఆదివారం, సాయంత్రం 5:50

బావగారికి బిల్డింగులు కట్టుకోమని చెప్పండి. హైపర్‌ఇంటెన్సిటీ అంటే తెల్ల చుక్క. నాన్‌స్పెసిఫిక్ అంటే దీన్ని బట్టి ఏ జబ్బు అనీ చెప్పలేం అని. మైగ్రేన్ ఉన్నవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో, సిగరెట్ తాగేవాళ్లలో, ఏమీ లేనివాళ్లలో కూడా కనిపిస్తాయి, వయసుతో పెరుగుతాయి. ఎంఎస్ చుక్కలు ఉండే చోట్లు, ఆకారం వేరు, అలా అనుమానం ఉంటే ఆ రిపోర్ట్‌లో ఆ మాట రాసేవాళ్లు. న్యూరాలజిస్టును కలవండి, బీపీ చూపించుకోండి. మెదడు, నరాల జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ మీకు దగ్గరే, ఓపీకి పొద్దున్నే వెళ్లాలి, లైను పెద్దది.

అన్నట్టు ఎవరికైనా మోకాలి రిపోర్ట్‌లో "మెనిస్కస్ గ్రేడ్ 2 సిగ్నల్" అని ఉంటే అది చిరుగు కాదు (మెనిస్కస్ అంటే మోకాలి కీలులో ఎముకల మధ్య ఉండే మెత్త). లోపల మరక లాంటిది, అంచుదాకా రాలేదు. గ్రేడ్ 3 అయితేనే చిరుగు అంటాం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 50 దాటినవాళ్లకు మోకాలి ఎంఆర్ఐలు తీస్తే, మెనిస్కస్ చిరిగి ఉన్నవాళ్లలో 61 శాతం మందికి గడిచిన నెలలో మోకాలు నొప్పే లేదు. 2008లో వచ్చింది ఆ పేపరు.

నడుముకైతే ఇంకా చిత్రం. నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్లు కలిపి చూసి 2015లో రాశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతానికి డిస్క్ బల్జ్. యాభై ఏళ్లకు 60 శాతం, ఎనభైకి 84. అంటే 58 ఏళ్ల మనిషిని దారిన పోతుంటే ఆపి స్కాన్ తీసినా బల్జ్ కనిపించే అవకాశమే ఎక్కువ. జుట్టు నెరవడం లాంటిది, లోపల.

వెనకబెంచీ
ఆదివారం, సాయంత్రం 6:08

మరైతే ఎంఆర్ఐ ఎందుకు తీయడం? పనికిరాని టెస్టు అనేగా మీ మాట.

ఇస్రో_లేఅవుట్
ఆదివారం, రాత్రి 7:45

పనికిరాదని ఎవరన్నారు. మా తోడల్లుడి కథ చెప్తా, ఈ చర్చ చదివి ఎవరూ "ఏముందిలే వయసు" అని కూర్చోకూడదు. 44 ఏళ్లు, లారీ ట్రాన్స్‌పోర్టు, హోసూరు రోడ్డులో ఆఫీసు. నడుము నొప్పి ఉంది, పట్టించుకోలేదు. ఒకరోజు నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోయింది. వెనక్కి వచ్చి వేసుకున్నాడు. మళ్లీ జారింది. చెప్పు వదులైందని కొత్తవి కొన్నాడు, అవీ జారాయి! చెప్పును పట్టుకోవడానికి వేళ్లు పైకి లేవట్లేదని వాడికి తెలీలేదు. మూడో రోజు మూత్రం రాక కడుపు ఉబ్బింది, కూర్చుంటే కింద కుర్చీ తగులుతున్నట్టే లేదన్నాడు. అర్ధరాత్రి ఎంఆర్ఐ, పెద్ద ముక్క ఊడి నరాల కట్ట మొత్తాన్ని నొక్కేసింది, తెల్లారేలోగా ఆపరేషన్ చేశారు. మూత్రం సర్దుకుంది, కాలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా లేవదు, స్ప్లింటు వేసుకుంటాడు. మూడు రోజులు ముందు చెప్పు సంగతి ఎవరికైనా చెప్పి ఉంటే అని ఇప్పటికీ అంటాడు.

పీజీ_నైట్‌డ్యూటీ
ఆదివారం, రాత్రి 9:20

ఇస్రో గారు చెప్పినదే నేను నిన్న రాత్రి ఆ ఒక్క ప్రశ్న అడగడానికి కారణం. ఆ పరిస్థితిలో ఎంఆర్ఐని మించింది లేదు, గంటల లెక్క.

ఆ లక్షణాలు లేనప్పుడు మాత్రం చాలామందికి ఆరు వారాలు మందులు, కదలిక, వ్యాయామం చూశాక గానీ స్కాన్ అక్కర్లేదు. ఇంకో వింత, డిస్క్ ఎంత పెద్దగా బయటికొస్తే అంత బాగా కరుగుతుంది. ఒంటికి అది పరాయి వస్తువులా కనిపించి తినేస్తుంది. తెగిపడిన ముక్కలు చాలావరకు నెలల్లో చిక్కిపోతాయి, ఉత్త బల్జ్ మాత్రం అలాగే ఉంటుంది. రిపోర్ట్‌లో పెద్ద మాట ఉంటే పెద్ద ఆపరేషన్ అని లెక్క లేదు.

కోరమంగళ_కోడలు
ఆదివారం, రాత్రి 10:02

మామగారి సంగతి రాస్తానన్నాను కదా. చెన్నైలో మా బావగారింట్లో ఉన్నప్పుడు కాలు లాగుతోందని ఎంఆర్ఐ తీయించారు. రిపోర్ట్‌లో నడుములో మూడు చోట్ల డిస్కులు. ఆపరేషన్‌కు అడ్వాన్సు కూడా కట్టాం. మత్తు డాక్టరు చూడటానికి వచ్చి పాదం పట్టుకుని, ఈ కాలు ఇంత చల్లగా ఉందేంటి, నాడి అందట్లేదేంటి అన్నారు. కాలి రక్తనాళం పూడుకుపోయింది. షుగరు, బీడీ, రెండూ ఉన్నాయి. నొప్పి నడిస్తే వచ్చి నిలబడితే పోయేది, అది మేం చెబుతూనే ఉన్నాం. ఆ మత్తు డాక్టరుగారికి ప్రతి సంక్రాంతికీ అరిసెలు వెళ్తాయి మా ఇంటినుంచి.

ఫిల్ము చూసినవాళ్లు నలుగురు, పాదం పట్టుకున్నవాళ్లు ఒక్కరు.

మెజెస్టిక్_మామ
ఆదివారం, రాత్రి 10:15

నేను చెప్పిందీ అదే కదమ్మా, ముందు మనిషిని చూడాలని. కాపడం మాట వెనక్కి తీసుకోను.

ట్యూబ్‌లైట్
ఆదివారం, రాత్రి 11:40

ఓ చిన్న పిట్టకథ. 1977లో మనిషి ఛాతీకి మొదటి ఎంఆర్ఐ స్కాన్ తీసింది డమేడియన్ అనే డాక్టరు, ఒక్క ఫొటోకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ముందు తనే కూర్చుంటే ఫొటో రాలేదు, సన్నగా ఉన్న శిష్యుణ్ణి కూర్చోబెట్టారు. 2003లో ఎంఆర్ఐ మీద పనికి నోబెల్ లాటర్‌బర్‌కు, మాన్స్‌ఫీల్డ్‌కు ఇచ్చి ఈయన్ను వదిలేశారు. ఆయన ఊరుకోకుండా పేపర్లలో పేజీలకు పేజీలు ప్రకటనలు ఇచ్చి గోల చేశాడు.

వెనకబెంచీ
ఆదివారం, రాత్రి 11:44

ఆయన పక్కన మన తెలుగువాడు ఒకడుంటే ధర్నా కూడా చేయించేవాడు.

టమాటా_మండీ
బుధవారం, రాత్రి 9:30

అప్‌డేట్. సోమవారం సెంటర్‌కి వెళ్లా. మొదట కౌంటర్లో "రిపోర్ట్ ఒకసారి ఇస్తే అంతే సార్" అన్నారు, నేను అక్కడే కుర్చీలో కూర్చున్నా. గంటన్నర తర్వాత రేడియాలజిస్టు స్వయంగా బయటికి వచ్చి లోపలికి పిలిచి స్క్రీన్ మీద చూపించారు. పొడుగ్గా కోసినట్టు ఉండే ఫొటోలు కొన్ని, అడ్డంగా కోసినవి కొన్ని. అడ్డం ఫొటోలో మన ఎడమచేతి వైపు కనిపించేది పేషంటుకు కుడి అట, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టు. రిపోర్ట్ కరెక్టే. డిస్క్ కుడివైపే. ఎడమ నరం చుట్టూ తెల్లగా కొవ్వు చక్కగా కనిపిస్తోంది, దాన్ని ఏదీ తాకట్లేదు అన్నారు. "కాలు ఏదో చీటీ మీద రాసి ఉంటే నేనే ఒక లైను రాసేవాణ్ణి" అన్నారు. మర్యాదగా మాట్లాడారు, నాకు కోపం పోయింది.

మంగళవారం ఇంకో డాక్టరు, కేఆర్ పురం దగ్గర చిన్న క్లినిక్, ఎముకలాయన. సీడీ ఇస్తే పక్కన పెట్టి, ముందు నడవమన్నారు. తర్వాత పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తారు, నొప్పి లేదు. తుంటి లోపలికీ బయటికీ తిప్పారు, పర్లేదు. అప్పుడు అమ్మను కుడివైపు తిప్పి పడుకోబెట్టి, ఎడమ తుంటి పక్కన పొడుచుకుని ఉండే ఎముక మీద బొటనవేలితో నొక్కారు. "అమ్మా!" అని ఒక్క కేక, బయట కూర్చున్నవాళ్లు కూడా లేచారు. "ఇదేనా రోజూ వచ్చే నొప్పి?" "ఇదే నాయనా, ఇదే, తొడ పక్కగా మోకాలి దాకా పోతుంది."

పిరుదు కండరాలను ఆ ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటివి (టెండన్లు) అరిగి వాచాయట. నలభై దాటిన ఆడవాళ్లలో చాలా మామూలు, నడుము నొప్పి అనుకుని తిరుగుతూ ఉంటారన్నారు. ఆ పక్క మీద పడుకోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు, పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడొద్దు. అమ్మ వంటింట్లో గట్టుకు ఆనుకుని ఎడమకాలి మీదే గంటలు నిలబడుతుంది, అది నేను చూస్తూనే ఉన్నా ఇన్నేళ్లూ. ఫిజియో దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు వారాల వ్యాయామం, తగ్గకపోతే అప్పుడు ఇంజెక్షన్ సంగతి చూద్దాం అన్నారు. ఫీజు 500.

పీజీ_నైట్‌డ్యూటీ
బుధవారం, రాత్రి 11:05

చాలా సంతోషం. కానీ కుడికాలికి ఎప్పుడైనా లాగడం, తిమ్మిరి మొదలైతే ఆ కుడి డిస్క్ సంగతి అప్పుడు డాక్టరుకు గుర్తుచేయండి. సీడీ పారేయొద్దు. మళ్లీ ఎప్పుడైనా స్కాన్ తీయిస్తే పాతదానితో పోల్చడానికి అదే ఆధారం.

కోడిగుడ్డు_దోశ
గురువారం, ఉదయం 7:15

నాకు బీపీ 150/96 వచ్చింది. తెల్ల చుక్కల కంటే ఇదే ముందు చూడాలట. రాత్రి షిఫ్టు మానేయమన్నారు, మేనేజర్‌కి ఎంఆర్ఐ చూపిస్తే నమ్ముతాడేమో.

స్కానింగ్_అన్న
గురువారం, మధ్యాహ్నం 1:40

టమాటా తమ్ముడూ, శుభం. ఇది చదివేవాళ్లకు ఒక్క విన్నపం. చీటీ మీద డాక్టరు రాయకపోతే మాకు నోటితోనైనా చెప్పండి: ఏ వైపు, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎప్పటినుంచి, ముందు ఏ ఆపరేషన్. మేం ఫారం మీద రాసి లోపలికి పంపుతాం. నేనైతే పేషంటునే వేలితో చూపించమని ఆ చోట రాసుకుంటా. కాంట్రాస్ట్ సూది (ఫొటోలో కొన్ని చోట్లు బాగా కనబడటానికి రక్తంలోకి ఎక్కించే మందు) అంటే భయపడేవాళ్లకు కూడా చెప్తున్నా, మామూలు డిస్క్ నొప్పికి అది అక్కర్లేదు. గడ్డ, ఇన్‌ఫెక్షను అనుమానం, పాత ఆపరేషన్ ఉన్నప్పుడు అడుగుతారు, దానికి ముందు కిడ్నీ కోసం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తాం.

టమాటా_మండీ
ఆదివారం, రాత్రి 8:55

అమ్మను ఈ పొద్దు మదనపల్లె బస్సెక్కించా. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే రాత్రి రెండు సార్లే లేచిందట, మామూలుగా ఆరేడు సార్లు. మెట్టెలు వేలు ఉబ్బు తగ్గాక పెట్టుకుంటానని రుమాల్లో కట్టి బ్యాగులో వేసుకుంది.

ఇంటికి చేరాక ఫోన్ చేసి మాత్రం ఒకటే గోల. స్కానింగ్ రోజు తీసిన పిన్నీసులు ఆరే ఉన్నాయట, ఏడు ఉండాలట.

స్కానింగ్_అన్న
ఆదివారం, రాత్రి 9:10

మెషీన్లోకి పోయి ఉంటే ఈపాటికి ఆ సెంటరువాళ్లే నీకు ఫోన్ చేసేవాళ్లు తమ్ముడూ. చిన్న పిన్ను లోపల ఇరుక్కున్నా తర్వాత వచ్చే పేషంట్లందరి ఫొటోల్లో నల్లటి మచ్చ పడుతుంది, అది తీసేదాకా మా ప్రాణం తోడేస్తారు.

టమాటా_మండీ
ఆదివారం, రాత్రి 9:32

దొరికింది. రుమాలుకే గుచ్చి ఉంది, మెట్టెలు పడిపోకుండా.